ఐదడుగుల గాజుపెట్టె, ఇరవై అంగుళాల చేప

2025 ఆగస్టు 22, శుక్రవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకి ఇది మొదలైంది. కరెంటు పోయిన వేళా వచ్చిన వేళా రాసి పెట్టుకోవడం నాకు అలవాటు కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. పది ముప్పై ఎనిమిదికి కరెంటు పోయింది. రెండు నిమిషాలకి జనరేటరు వేశారు. మేడ కింద మా కోడలి పళ్ళ క్లినిక్కులో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పేషెంట్లు కూర్చునే గదిలో, గోడవారన ఉన్న గాజుపెట్టెలో చేప బెదిరిపోయి, ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క ఊపున వచ్చి అద్దాన్ని గుద్దుకుంది.

సిమెంటు గచ్చు మీద కొబ్బరికాయ పడ్డట్టు చప్పుడైంది. చెక్క మూత లేచి పక్కకి పడి పగిలింది. నీళ్లు చిమ్మి బెంచీ తడిసింది. దవడ వాచి కూర్చున్న ఒక టీచరమ్మ చెంగున లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. చేప అడుగున పక్కకి ఒరిగి ఉంది. ముక్కు చిట్లి నెత్తురు సన్నగా నీళ్లలోకి పోతోంది. ఎడమవైపు పై మీసం తెగి పోగులా వేలాడుతోంది. నాలుగు నిమిషాలు అలాగే ఉండి, తరువాత మెల్లగా నిటారుగా లేచింది.

మా కోడలు గ్లవ్సుతోనే బయటికి వచ్చింది.

"అత్తయ్యగారూ, ఇది రెండోసారండి. ఈసారి అద్దం పగిలితే ఈ గదిలో నీళ్లు మోకాళ్ళ దాకా వస్తాయి."

"రావమ్మాయ్. పెట్టెలో ఉన్నది ఐదువందల అరవై లీటర్లు. ఈ గదిలో పోస్తే ఒకటిన్నర అంగుళం."

"ఒకటిన్నర అంగుళం నీళ్లూ, అందులో కొట్టుకుంటూ కేజీ చేపానండీ," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

ఆ చేప మా ఇంటికి వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. 2024 జూన్ 14న మా కోడలు విజయవాడ నుంచి గాజుపెట్టె తెప్పించి, అందులోకి రెండు చిన్న చేపల్ని తెచ్చింది. మూడేసి అంగుళాలు, వెండి రంగు, పైకి లేచిన వీపు రెక్క. వచ్చినవాళ్ళకి పంటి నొప్పి కాసేపు మరుపుకి రావాలని ఆమె ఉద్దేశం. దుకాణంవాడు వాటిని షార్కులని చెప్పి అమ్మాడు. నేను చూడగానే నవ్వాను. అది మా భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో టన్నుల లెక్కన పెరిగి, ఐసు మీద లారీలెక్కి వేరే రాష్ట్రాలకి పోయే చేప. పంగాసియస్ దాని పేరు, మావాళ్ళు ఫంగస్ అంటారు. మా ఇంట్లో కూడా పెంచాం. ముప్పై ఒక్క ఏళ్లు మా చెరువుల మేత లెక్క నేనే రాశాను. మా ఆయన పోయాక చెరువులు మా మరిది చూసుకుంటున్నాడు. నాకు లెక్క రాసే పని లేకుండా పోయింది.

అందుకే కాబోలు ఆ రెండు చేపల్నీ నేను వెంటనే నా చేతిలోకి తీసుకున్నాను. మా కోడలు చిన్న డబ్బా ఇచ్చి, రోజుకి చిటికెడు వేస్తే చాలని చెప్పింది. చిటికెడు అనేది కొలత కాదు. ఎవరి చిటికెడు? నా వేళ్ళు వేరు, ఆమె వేళ్ళు వేరు. నేను వంటింటి త్రాసు తెచ్చి, గిన్నెలో నీళ్లు పోసి, చేపని అందులో వేసి తూచాను. ఒక్కొక్కటి ఆరు గ్రాములు. ఒక కొత్త నోటుపుస్తకం తీసి తేదీ, బరువు, పొడవు, నీళ్ల వేడి, మేత అని గళ్ళు కొట్టాను. పిల్లచేపకి ఒంటి బరువులో నూటికి ఐదు వంతులు, ఎదిగేకొద్దీ మూడు, ఆ తరువాత రెండు. మా చెరువుల్లో నడిచిన మేత పట్టీ అదే. ఉదయం ఆరున్నరకి సగం, సాయంత్రం ఐదున్నరకి సగం. పద్నాలుగు నెలల్లో ఒక్క పూట తప్పలేదు.

మూడు నెలలకే ఒకటి పోయింది. మిగిలిన చేప పెరిగింది. పెరిగినకొద్దీ నాకు గర్వంగా ఉండేది. ఏడువందల గ్రాములు దాటాక గిన్నెలో పట్టక తూచడం మానేసి, గాజుపెట్టె బయట కుట్టుపని టేపు అతికించి పొడవు కొలిచేదాన్ని. అది టేపు పక్కన నిలబడేదాకా కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆగస్టు 22 నాటికి పంతొమ్మిదిన్నర అంగుళాలు. పెట్టె వెడల్పు రెండడుగులు. ఇప్పటికే అది వెనక్కి తిరగాలంటే ఒళ్ళు విల్లులా వంచాల్సి వస్తోంది. ఇంకో నాలుగంగుళాలు పెరిగితే తిరగలేదు. ఈ జాతిలో గుడ్లకి ఉంచిన చేపలు మూడడుగులు దాటినవి, పది కేజీలు దాటినవి నేను కళ్ళారా చూశాను. అంటే దానిదింకా పసితనమే.

దానికి వేరే చోటు చూడాలి. చెరువు కావాలి గాని, పట్టుబడి, అంటే వల లాగి చేపలన్నీ పట్టి అమ్మడం, ఉండే చెరువు పనికిరాదు. మా ప్రాంతంలో నీళ్లున్న ప్రతి గుంటకీ ఒక పట్టుబడి ఉంటుంది. అదీ చిక్కు.

ఆ ఆదివారం మా మరిదిని రమ్మని ఫోను చేశాను. అరవై నాలుగేళ్ల మనిషి. చేపని నీళ్లలో చూసి బరువు చెప్పడంలో ఈ చుట్టుపక్కల అతనికి పేరుంది. వస్తూనే మొదలుపెట్టాడు.

"ఏంటి వదినగారూ, యాభైవేల చేపలు చూసుకునేవాణ్ణి పట్టుకుని ఒక్క చేప కోసం పిలిచారు?"

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి సంగతి చెప్పాను. అతను గాజు దగ్గరికి వెళ్ళి కాసేపు చూసి, ఇంతదానికి ఇంత ఆలోచన ఎందుకని, రేపు డ్రమ్ములో వేసుకుపోయి పెద్ద చెరువులో వదిలేస్తానని, హాయిగా తిరుగుతుందని అన్నాడు.

"పట్టుబడి ఎప్పుడు?" అని అడిగాను.

"డిసెంబర్లోనండి."

"అప్పుడు దీని సంగతి?"

అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "తోక రెక్క కొంచెం కత్తిరించి గుర్తు పెట్టుకుందామండి."

"వల లాగేవాళ్ళు నలభై మంది, ఒక్కో చేప తోకా చూసి పక్కన పెడతారా?"

"పెట్టరండి," అని నవ్వాడు. అబద్ధమాడే మనిషి కాదు.

తరువాత నా నోటుపుస్తకం అడిగాడు. పేజీలు తిప్పుతూ మొదట మెచ్చుకోలుగా తలూపాడు. నడుమ ఎక్కడో ఆగి, వేలు గీత మీద పెట్టి, పెదవులు కదుపుతూ లెక్క కట్టుకున్నాడు.

"వదినగారూ, ఇది మన చెరువు పట్టీ కదండి?"

"అదే."

"మరి దీన్ని ఎవరికి అమ్ముదామని ఇంత మేపారండి? మీరు పెంచింది చూసుకునే చేపని కాదు. పట్టుబడికి చేపని పెంచారు."

వెక్కిరింపుగా కాదు, మామూలుగానే అన్నాడు. పక్కనే ఉన్న మా కోడలు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గాజుపెట్టెలో చేపకి రోజు విడిచి రోజు కొద్దిగా వేస్తే, అది నిదానంగా పెరుగుతుంది. ఏడాదికి పది అంగుళాల దగ్గర ఉండేది. చోటు వెతుక్కోవడానికి ఇంకో రెండేళ్ళ గడువుండేది. ఆ రెండేళ్ళనీ నేను పూటకి పదిహేను గ్రాముల చొప్పున తినిపించేశాను. మా ఇంట్లో చేపని పెంచడమంటే బరువు పెంచడమే. వేరే పెంపకం ఒకటుందని ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

ఆ సాయంత్రం నోటుపుస్తకంలో వెనక్కి వెళ్ళి 2024 సెప్టెంబరు 11 తీశాను. రెండో చేప చచ్చిపోయిన రోజు. కారణం గడిలో "తెలియదు" అని నా చేత్తోనే రాసి ఉంది. ఆ మాట కొట్టేసి, "మేత ఎక్కువై నీళ్లు చెడినందువల్ల" అని రాసి పక్కన సంతకం పెట్టి తేదీ వేశాను. లెక్కలో తప్పు కనబడితే దిద్దిన తేదీ కూడా వేయాలని మా ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతి.

మరునాటి నుంచి మేత వారానికి మూడు రోజులు, రోజుకి ఎనిమిది గ్రాములు. ఉదయం ఆరున్నర కాగానే అది అలవాటు ప్రకారం నా కుర్చీ వైపు అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. మేత లేని రోజున నేను ఆ వేళకి కిందికి దిగడం మానేసి, ఏడింటికి దిగేదాన్ని.

చోటు వెతకడం మొదలైంది. వీధిలో నలుగురూ కాలువలో వదిలేయమన్నారు. ఆ మాట నేను రెండోసారి అననివ్వలేదు. అది ఈ దేశపు చేప కాదు. కాలువలో, గోదావరిలో పుట్టి పెరిగే చేపల గుడ్లూ పిల్లలూ దాని నోటికి దొరుకుతాయి. నది మీద వల వేసి బతికేవాళ్ళకి నా చేప వల్ల నష్టం రాకూడదు. ఒక ఇంజినీరింగు కాలేజీలో ఫౌంటెను తొట్టి ఉంటే వెళ్ళి చూశాను. లోతు పద్నాలుగు అంగుళాలు, అడుగున సున్నం. హైవే పక్క హోటలు వెనక పెద్ద కొలను ఉందన్నారు. కొలను బాగుంది గాని, దాని గట్టు మీదే పొయ్యి ఉంది. వెనక్కి వచ్చేశాను.

సెప్టెంబరు రెండోవారంలో, ఆ రోజు దవడ వాపుతో వచ్చిన టీచరమ్మ పన్నుకి తొడుగు వేయించుకోవడానికి మళ్ళీ వచ్చింది. ముందు చేప ఎలా ఉందని అడిగింది. నేను చెప్పినదంతా విని, వాళ్ళ అక్కగారికి కడియం దగ్గర పూలమొక్కల నర్సరీ ఉందని, మొక్కలకి నీళ్లు పెట్టడానికి కాలువ నీరు నిలవచేసే సిమెంటు చెరువు ఉందని, అందులో కలువలు తప్ప ఏమీ లేవని చెప్పింది. చేపలు పట్టే అలవాటు ఆ చోట లేదు. చేప ఉన్న నీరు మొక్కలకి మంచిది కూడా. ఫోను కలిపి అక్కగారితో అక్కడే మాట్లాడించింది. ఆవిడ సరేనంది, తెచ్చేయమంది.

చూడకుండా ఎలా తెస్తాను? సెప్టెంబరు 21, ఆదివారం, మా కోడలు కారు తీసింది. సిద్ధాంతం వంతెన, రావులపాలెం, జొన్నాడ వంతెన దాటి, రెండు గంటల పది నిమిషాల్లో చేరాం. గోదావరి నిండుగా, ఎర్రగా ఉంది. నర్సరీ ఆమెకి యాభై ఏళ్ళుంటాయి. చేతులకి మట్టి, చెవి మీద పెన్సిలు. నన్ను చూసి పెద్దమ్మగారూ అని పిలిచి, కొబ్బరిబొండం కొట్టించింది. నేను బొండం పక్కన పెట్టి టేపు తీశాను. చెరువు పొడవు నలభై రెండడుగులు, వెడల్పు ఇరవై నాలుగు. వెదురుగడ దింపి చూస్తే లోతు ఐదున్నర. మనసు నిండింది.

అయినా గట్టు చుట్టూ నడిచాను. ఉత్తరం మూల పైన ఒక తూము ఉంది, ఎక్కువైన నీరు అందులోంచి పక్క బోదెలోకి, అక్కడి నుంచి కాలువలోకి పోతుంది. దానికి జాలీ లేదు. అది రాసుకున్నాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి నీళ్ల మీద సబ్బునురగలాంటిది కనిపించింది. వాసన చూశాను. నేను చూస్తూండగానే పనిచేసే ఆమె ఒకతె వీపు మీది మందు డబ్బా దింపి, అక్కడే ముంచి కడిగి, నీళ్లు నింపుకుని వెళ్ళింది. పురుగుమందు కొట్టే డబ్బా. నర్సరీల్లో అందరూ అలాగే చేస్తారు. చేప ఆ నీళ్లలో నెల బతకదు.

ఆ మాట చెప్పేసరికి నర్సరీ ఆమె ముఖం ముడుచుకుంది.

"ఇరవై ఏళ్ల నించీ మా పని ఇట్టాగే నడుస్తోందండి. చేపకి చోటిస్తానన్నాను గాని, చేప కోసం మా పద్ధతి మార్చుకోమంటారా?"

మా కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. ఇంత దూరం వచ్చి చోటు పోగొట్టుకుంటానని ఆమె భయం. నాకూ భయమే. కానీ చూసి ఊరుకుని చేపని అందులో వేస్తే, పట్టుబడికి ఇచ్చినట్టే.

"పద్ధతి మార్చమననమ్మా. డబ్బా కడిగే చోటు మార్చమంటున్నాను. రెండువందల లీటర్ల డ్రమ్ము, కుళాయీ నేను తెస్తాను. పెట్టే చోటు మీరు చూపించండి. మీ మనుషులకి మెట్లు దిగే శ్రమ తగ్గుతుంది."

ఆమె మెట్లు లెక్కపెట్టింది. తొమ్మిది మెట్లు. నిండిన డబ్బాతో ఎక్కడం ఎంత కష్టమో ఆమెకి తెలియనిది కాదు.

"తూముకి జాలీ కూడా కావాలంటారు కదండి?"

"అరంగుళం కన్నుది."

"అది నేనే వేయిస్తానండి. మరి దీనికి తిండేం పెట్టాలి? మీ వైపు చెరువుల్లో బస్తాలు బస్తాలు పోస్తారంట కదా."

వారానికి మూడు రోజులు, రోజుకి ఎనిమిది గ్రాములు మించొద్దని చెప్పాను. ఎక్కువ పెట్టి నేను చేసిన తప్పు కూడా దాచకుండా చెప్పాను. ఆమె అప్పుడు మొదటిసారి నవ్వింది.

"ఎరువెక్కువై మొక్కలు చచ్చిన సంగతులు మా దగ్గరా ఉన్నాయిలెండి. తీసుకురండి."

కాలువకి ఎర్రనీరు తగ్గాలని అక్టోబరు దాకా ఆగాం. తరువాత తుపాను వానలు. నవంబరు 9, ఆదివారం కుదిరింది. కార్తీకమాసం, చేప బేరాలు మందకొడి, మా మరిది బండి ఖాళీ. నేను పట్టీ మార్చి అప్పటికి డెబ్బై ఏడు రోజులు. ఆ రోజుల్లో చేప పెరిగింది అరంగుళమే. పద్నాలుగు నెలల పెంపకం కంటే ఆ అరంగుళం చూసుకుని నాకు ఎక్కువ గర్వంగా ఉంది.

ప్రయాణానికి ముందు చేప కడుపు ఖాళీగా ఉండాలి, లేకపోతే దారిలో నీళ్లు పాడుచేసుకుంటుంది. శుక్రవారం నుంచీ మేత వేయలేదు. ఆదివారం ఎనిమిదింటికి మా మరిది ఇద్దరు మనుషుల్నీ, అరటన్ను ప్లాస్టిక్ తొట్టినీ, బ్యాటరీతో గాలి కొట్టే మోటారునీ తీసుకుని వచ్చాడు. గాజుపెట్టెలో నీళ్లు ఎనిమిది అంగుళాలకి దించారు. నేను పాత గుడ్డలు తేవడానికి లోపలికి వెళ్ళాను. వచ్చేలోగా ఆ మనుషుల్లో ఒకతను చెయ్యి అలవాటు కొద్దీ వల వేసేశాడు. ఈ చేపకి పక్క రెక్కల్లో రంపంలాంటి ముల్లుంటుంది. అది వల కన్నులోకి దిగి ఇరుక్కుపోయింది. చేప కొట్టుకోవడం మొదలుపెట్టింది. చెరువులో వేల చేపలు పడితే ఇలాంటివి ఎవరూ చూడరు. రెక్క విరిగినా తూకంలో ఏమీ తగ్గదు.

"లాగొద్దు, వల కొయ్యండి," అన్నాను.

మా మరిది ఒక్క క్షణం నా వైపు చూశాడు. అది కొత్త వల. తరువాత జేబులోంచి కత్తి తీసి తానే వంగి, ముల్లు చుట్టూ జానెడు మేర కోసేశాడు. తడిగుడ్డ దాని కళ్ళ మీద కప్పాడు. చేప ఊరుకుంది. చెరువు గట్టుకి పరిచే పాలిథిన్ కాగితం దాని కిందికి జొప్పించి, నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని, నీళ్లతో సహా ఉయ్యాలలా ఎత్తారు. నాలుగో మూల మా కోడలు పట్టుకుంది.

తొట్టిలో వేయబోతూంటే ఆగమని, త్రాసు తెప్పించాను.

"ఇప్పుడెందుకండీ తూకం? కొనేవాళ్ళెవరైనా వచ్చారా?" అన్నాడు మా మరిది. అని, చేప వైపు చూసి, "కేజీ మూడొందల యాభై," అన్నాడు.

కాగితం బరువు, నీళ్ల బరువు తీసేస్తే కేజీ మూడువందల నలభై. పది గ్రాముల తేడా. నోటుపుస్తకంలో అతని మాటా, త్రాసు మాటా రెండూ రాశాను. అది చూసి మనిషి పొంగిపోయాడు, పైకి కనబడనివ్వలేదు.

ఎనిమిదీ యాభై ఐదుకి బయలుదేరాం. నేను బండిలో ముందు కూర్చున్నాను. సిద్ధాంతం దగ్గర ఒకసారి, రావులపాలెంలో ఒకసారి, జొన్నాడ దాటాక ఒకసారి దిగి తొట్టి మూత తీసి చూశాను. మోటారు గాలి కొడుతోంది, చేప అడుగున నిలకడగా ఉంది. పదకొండూ ఇరవై ఐదుకి నర్సరీ చేరాం. నేను ముందే పంపిన డ్రమ్ము గట్టు మీద నిలబడి ఉంది. తూముకి జాలీ బిగించి ఉంది. నేను కన్ను కొలిచాను. సరిగ్గా అరంగుళం.

తొట్టిలో నీళ్ల వేడి ఇరవై ఎనిమిది, చెరువులో ఇరవై ఐదు. చెరువు నీళ్లు చెంబుతో తొట్టిలో పోస్తూ, రెండూ ఒకటయ్యేదాకా ఆగాలన్నాను. యాభై నిమిషాలు పట్టింది.

"లక్ష పిల్ల వదిలినప్పుడు కూడా ఇంతసేపు గట్టు మీద కూర్చోలేదండి," అన్నాడు మా మరిది.

"అప్పుడు నీకు లక్షలో పదివేలు పోయినా లెక్క సరిపోయేది. నా దగ్గరున్నది ఒకటి."

అతను చెంబు నా చేతిలోంచి తీసుకుని తానే పోయడం మొదలుపెట్టాడు.

పన్నెండూ ఇరవైకి కాగితంతో సహా మెట్ల మీదుగా దింపి వదిలాం. చేప మెట్టు మీద కాసేపు నిలబడింది. తరువాత కదిలింది. కదిలి ఐదడుగులు పోయి వెనక్కి తిరిగింది. అక్కడ అద్దం ఉంటుందని దాని నమ్మకం. మళ్ళీ ఐదడుగులు, మళ్ళీ వెనక్కి. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. నేను లెక్కపెడుతున్నాను. పదకొండు సార్లు తిరిగింది. పన్నెండోసారి తిరగలేదు. కలువాకుల కిందుగా తిన్నగా పోయింది. దాని ఒళ్ళు అంత తిన్నగా ఉండగా నేను చూడటం అదే మొదలు. లోతులోకి వెళ్ళి కనబడకుండా పోయింది. మా కోడలు నా భుజం మీద చెయ్యి వేసింది.

తరువాతి పదహారు రోజులు కష్టంగా గడిచాయి. నర్సరీ ఆమె రోజు విడిచి రోజు ఫోను చేసి, వేసిన మేత అలాగే తేలుతోందని, చేప జాడ లేదని చెప్పేది. ఈ చేప గాలి మింగడానికి పైకి రావాలి, రాకుండా ఉండలేదు. ఎవరూ చూడని వేళలో వస్తోందని నన్ను నేను సముదాయించుకున్నాను. నోటుపుస్తకంలో మాత్రం "కనబడలేదు" అనే రాశాను. చచ్చిందని రాయలేదు, బతికుందనీ రాయలేదు.

నవంబరు 26, బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను వచ్చింది. పనివాళ్ళు గట్టు మీద అన్నాలు తింటూంటే మెట్ల దగ్గర నీళ్లు చీల్చుకుని ముక్కు పైకి పెట్టి, గుటకేసి వెళ్ళిందట. ఎడమ మీసం లేదని నర్సరీ ఆమె నేను అడగకుండానే చెప్పింది.

డిసెంబరు 14న వెళ్ళి చూశాను. మెట్ల పక్కన నీళ్లలో అంగుళాల గీతలు గీసిన వెదురుగడ అడ్డంగా కట్టించి ఉంచమని ముందే చెప్పాను. అరగంట కూర్చున్నాక అది గడ పక్కనుంచి పోయింది. ఇరవై అంగుళాల మీద ఒక గీత. కాస్త సన్నబడింది, ఒంటికి నిగారింపు వచ్చింది. నా వైపు రాలేదు. నేను మెట్టు మీదికి దిగి నిలబడ్డా రాలేదు. కుర్చీ వైపు అద్దం ఇప్పుడు దానికి అక్కర్లేదు. ఇంత బాగా మరిచిపోగలిగే చేపని పంపినందుకు నాకు గర్వంగానే ఉంది.

నేను గట్టెక్కుతూంటే వెనకనుంచి పనివాళ్ళలో ఒకామె ఇంకొకామెతో అంటోంది: "ఒసేవ్, డబ్బా అక్కడ ముంచకే. ఆ పెద్దమ్మగారు నీళ్లు కూడా టేపుతో కొలుస్తారు."

కొలుస్తాను. కొలిచాను కాబట్టే ఈ లెక్క తేలింది. పోయినవి ఇవి:

చేప ఒకటి, 2024 సెప్టెంబరు 11న.

బతికిన చేపకి ఎడమవైపు పై మీసం. ఇంకా మొలవలేదు. ముక్కు మీద అరంగుళం మేర రంగు.

కొత్త వలలో జానెడు.

గాజుపెట్టె చెక్క మూత.

దారిలో తొణికిన నీళ్లు, సుమారు నలభై లీటర్లు.

నా వల్ల దాని గడువులో రెండేళ్లు.